పుణ్యశాల ద్వారం వద్ద: ఢిల్లీ, మథుర శాసనాలలో అన్నార్తుల స్థానం

ఢిల్లీలోని ఫిరోజ్ షా కోట్లా శిథిలాలపై నిలిచి ఉన్న అశోక స్తంభం మొదట అక్కడ నాటినది కాదు. 14వ శతాబ్ది మధ్యభాగంలో సుల్తాన్ ఫిరోజ్ షా తుగ్లక్ దానిని నేటి హర్యానాలోని తోప్రా గ్రామం నుండి యమునపై పడవలలో తెప్పించి తన కోటలో నిలిపాడు. అశోకుని ఏడవ స్తంభశాసనపు పూర్తి పాఠం లభించినది ఈ స్తంభం మీదనే. పట్టాభిషిక్తుడై 27 ఏళ్ళు గడిచిన పిమ్మట రాజు తాను చేసిన పనులను అందులో నెమరువేసుకుంటాడు. దారుల వెంట మర్రిచెట్లు, మామిడితోపులు, బావులు, విడుదులు, చలివేంద్రాలు వరుసగా ప్రస్తావనకు వస్తాయి. తన దానాలను, రాణుల దానాలను, కుమారుల దానాలను పంపిణీ చేసే అధికారుల ప్రసక్తి కూడా ఉన్నది.

ఈ శాసనంలో అంతగా చర్చకు రాని మాట ఒకటి ఉన్నది. ధర్మాచరణ అంటే ఏమిటో చెప్పే సందర్భంలో తల్లిదండ్రులు, గురువులు, వృద్ధులు, బ్రాహ్మణ శ్రమణుల తరువాత అదే వరుసలో కృపణులు, దీనులు, చివరకు దాసులు, భృత్యులు కనబడతారు. బ్రాహ్మణ శ్రమణులు మొదలుకొని దాసులు, భృత్యుల వరకు అందరి పట్ల ఉండవలసినదానికి శాసనం వాడిన పదం ‘సంపటిపతి’, అనగా సముచిత ప్రవర్తన. బ్రాహ్మణ శ్రమణులకు ఒక పదమూ, పేదలకు మరొక పదమూ లేవు. దీనులకు పెట్టేది దయాభిక్షయే అయితే వారిని గురువులతో ఒకే వాక్యంలో చేర్చవలసిన అవసరం ఉండేది కాదు. అయితే ఇది రాజు తనను గురించి తాను చెప్పుకున్న మాట. ఆ పంపిణీ ఎంతమందికి చేరిందో రాయి చెప్పదు.

అన్నం పెట్టే ఏర్పాటు ఎలా నడిచేదో తెలుసుకోవాలంటే యమున వెంట దక్షిణంగా మథురకు వెళ్ళాలి. కుషాణ చక్రవర్తి హువిష్కుని కాలపు శాసనమొకటి, 28వ సంవత్సరపు తేదీతో, అక్కడ దొరికింది. దాత ఒక పుణ్యశాలకు అక్షయనీవిగా 1,100 పురాణాలను, అనగా వెండి నాణేలను, రెండు శ్రేణుల వద్ద చెరి 550 చొప్పున ఉంచాడు. వాటిలో ఒకటి పిండి పట్టేవారి శ్రేణి. మూలధనం కదలదు, వడ్డీతోనే పని జరగాలి. నెలనెలా నిర్ణీత దినాన నూరుగురు బ్రాహ్మణులకు భోజనం పెట్టాలి. అంతేకాక ప్రతిరోజూ పుణ్యశాల ద్వారం వద్ద మూడు ఆఢకాల సత్తుపిండి, ఒక ప్రస్థం ఉప్పు, పచ్చికూరల కట్టలు తదితరాలు ఉంచాలి. అవి ఆకలిదప్పులతో ఉన్న అనాథల కోసమని శాసనం స్పష్టంగా చెబుతుంది.

ఈ ఏర్పాటును ఆదర్శంగా పొగడటం సులభం. కానీ ఇందులోని అంతరాన్ని దాచరాదు. బ్రాహ్మణులకు పిలిచి పెట్టే భోజనం. అనాథలకు గుమ్మం దగ్గర ఉంచే సరుకు. పుణ్యఫలం కూడా ముందుగా చక్రవర్తికే సమర్పితమైంది. అయినా గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. షరతులన్నీ పెట్టేవారి మీదనే ఉన్నాయి: ఎంత పిండి, ఎంత ఉప్పు, ఏ నిధి నుండి, ఏ రోజున అని. తినేవారికి ఉన్న అర్హత ఆకలి, దాహం మాత్రమే.

తినేవారికి నియమం విధించిన సందర్భం వినయపిటకంలో కనబడుతుంది. అది భిక్షువులకు విధించిన నియమం కావడం విశేషం. శ్రావస్తి సమీపంలో ఒక పూగం, అనగా వృత్తిసంఘం, అన్నసత్రాన్ని నడిపేది. షడ్వర్గీయ భిక్షువులు అక్కడ రుచి మరిగి రోజూ అక్కడే తిష్ఠవేయగా ఇతర మతాల పరివ్రాజకులు తొలగిపోయారు. ఈ అన్నం వీరికొక్కరికే కాదు, అందరికీ వండినదని జనం నొచ్చుకున్నారు. ఆరోగ్యవంతుడైన భిక్షువు అట్టి సత్రంలో ఒక్క పూటకు మించి తినరాదన్న పాచిత్తియ నియమం అప్పుడు ఏర్పడింది. తరువాత కోసలదేశంలో ప్రయాణిస్తున్న సారిపుత్రుడు అస్వస్థుడై సత్రంలో చిక్కుకుని, నియమానికి వెరచి రెండవనాడు అన్నం ముట్టలేదు. అది తెలిసి బుద్ధుడు రోగులకు మినహాయింపునిచ్చాడు. దుర్వినియోగం జరిగింది, నియమం వచ్చింది, నియమం అసలైన అక్కరను అడ్డగించగానే సవరణ వచ్చింది. సత్రం మాత్రం మూతపడలేదు.

పెడితే జనం చెడతారన్న సందేహాన్ని దీఘనికాయంలోని చక్కవత్తి సీహనాద సుత్తం సూటిగానే తీసుకున్నది. దొంగకు రాజు ధనమివ్వగా, ఆ సంగతి విని మరికొందరు దొంగతనానికి దిగుతారు. పిమ్మట రాజు శిరచ్ఛేదానికి మొగ్గగా హింస పెరుగుతుంది. అయితే సుత్తం ఈ పతనానికి మూలంగా చూపినది దొంగకు ఇచ్చిన ధనాన్ని కాదు. అంతకు ముందే నిర్ధనులకు ఇవ్వవలసినది ఇవ్వకపోవడాన్ని.

ఢిల్లీ సుల్తానుల కాలానికి వస్తే, 1330లలో కరువు పట్టిన రాజధానిలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఆరు నెలల గ్రాసం ఇప్పించాడని ఇబ్న్ బతూతా వ్రాశాడు. వీధివీధికి పట్టికలు తయారయ్యాయి. పిన్నలు, పెద్దలు, స్వతంత్రులు, బానిసలు అన్న భేదం లేక తలసరి కొలత నిర్ణయమైంది. ఇక్కడ పట్టిక ఎవరినీ వదలకుండా లెక్కించడానికి పనికివచ్చింది.

పట్టిక వడపోతకు సాధనమైనది తరువాతి కథ. 1877 జనవరి 1న విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ ఢిల్లీలో దర్బారు జరిగిన వేళ బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు కరువులో మాడుతున్నాయి. వైస్రాయి లిట్టన్ పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ సహాయపు పనులలో పురుషునికి రోజుకూలిని ఒక పౌను ధాన్యం, ఒక అణాకు తగ్గించాడు. ఆ మోతాదుతో పనిచేసే దేహం నిలవదని మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ కార్నిష్ వాదించాడు. కొన్ని నెలలకు కొలత పెంచక తప్పలేదు. మథుర శాసనంలో కొలత దాతను కట్టివేసింది. టెంపుల్ కొలత ఆకలిగొన్నవాని నిజాయితీని పరీక్షించింది.

స్వతంత్ర భారతంలో ఈ రెండు దృష్టులూ పక్కపక్కనే నడుస్తున్నాయి. గిడ్డంగులు నిండి ఉండగా జనం పస్తులుండటాన్ని ప్రశ్నిస్తూ 2001లో పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టుకెక్కగా, అదే సంవత్సరం నవంబరు 28న కోర్టు ఆహార పథకాలను హక్కులుగా మార్చే ఉత్తర్వునిచ్చింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం గ్రామాలలో 75 శాతం, నగరాలలో 50 శాతం వరకు జనాభాకు రాయితీ ధాన్యం హామీ ఇచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో ఢిల్లీ వలస కూలీలలో అనేకులకు ఆ నగరంలో చెల్లే కార్డు లేదు. గురుద్వారాల లంగర్లు కార్డు అడగలేదు. 2025 ఫిబ్రవరిలో నగర నిరాశ్రయుల వసతిపై విచారణ జరుపుతూ సుప్రీంకోర్టు ధర్మాసనం, ఉచితాల వల్ల జనం పనికి విముఖులవుతున్నారని వ్యాఖ్యానించింది. పని దొరికితే చేయనివారు అరుదని న్యాయవాది బదులిచ్చారు.

ఈ వాదం కోట్లాలోని స్తంభానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే జరిగింది. రాతిమీది మాట నేటి చట్టానికి ప్రమాణం కాజాలదు. రాజు మాటకు, పౌరుని హక్కుకు భేదమున్నది. అయితే పూర్వులు అన్నార్తులను శంకించకనే పెట్టారనీ, శంక నేటి వివేకమనీ అనుకోవడం పొరపాటు. శంక నాడూ ఉన్నది. వినయం దానిని నడవగలిగిన భిక్షువుకు వర్తింపజేసింది. ద్వారం వద్ద నిలిచిన ఆకలికి వర్తింపజేయలేదు. అన్యుల అన్నంతో జీవించే సంఘం తనకు తాను విధించుకున్న నియమం కనుక, ఈ చర్చలో దానికి ప్రత్యేకమైన విలువ ఉన్నది.