బొగ్గుబండి మొదలు పికప్ వరకు

ఎర్రమల కొండలకును నల్లమల కొండలకును నడుమ కుందూనది పారు లోయ నల్లరేగడి నేలకు పేరుపొందినది. ఈ లోయలోని సంజామల పరిసరములందు రబీ కాలమున శనగ విరివిగా పండును. సమీపముననే బనగానపల్లె, కొలిమిగుండ్ల, బేతంచెర్ల ప్రాంతములలో నాపరాతి గనులు కలవు. శనగ బస్తాలైనను, నాపరాళ్ళైనను, వాటిని పొలము నుండియో గని నుండియో బయటికి చేర్చునది నేడు చాలవరకు చిన్న పికప్ బండియే. 2016లో నంద్యాల - ఎర్రగుంట్ల రైలుమార్గము పూర్తియై సంజామలకు స్టేషను వచ్చినది. అయినను పొలము గట్టుకడకు రైలు రాదు గదా!

ఇట్టి పికప్ బండ్లలో అనేకము రెండవ చేతికో మూడవ చేతికో మారినవి. పదేండ్లు, పదునైదేండ్లు నడిచినవి. యజమానియే డ్రైవరు, ఒక్కొక్కప్పుడు హమాలీ కూడ నతడే. వచ్చిన బాడుగలో ముందుగా డీజిలు ఖర్చు తీసివేయవలెను. టైర్లకును, మరమ్మతులకును, అప్పు వాయిదాకును పోగా మిగిలినదే యింటికి. అందుచే పాతబండి బేరమునకు వచ్చినప్పుడు రంగు, రూపు తరువాత, "లీటరుకెంత యిచ్చును?" అనునదే మొదటి ప్రశ్న. ఈ ప్రశ్నకు మన ప్రాంతమున ఎనుబదేండ్లకు పైబడిన చరిత్ర యున్నది. పాతబండిని తక్కువ ఇంధనముతో నడిపింపవలెనని చేసిన ప్రయత్నములలో కొన్ని ఫలించినవి, కొన్ని కేవలము భ్రమలుగా తేలినవి.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చువరకు మద్రాసు రాజధానిలో మోటారుబండి యనిన పెట్రోలుబండియే. యుద్ధము ముదిరినకొలది పెట్రోలు సైన్యమునకే చాలనిదయ్యెను. 1941లో మనదేశమున పెట్రోలునకు రేషను విధించిరి. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమైనది. ఏప్రిలులో బ్రిటిషువారు వెనుదిరుగుచు యెనాంగ్యాంగు నూనెబావులను తామే ధ్వంసము చేసిరి. దానితో మనకు చేరువలోని నూనె ఆధారము తెగిపోయెను. బస్సుల యజమానులకు రెండే దారులు మిగిలినవి: బండి నిలిపివేయుట, లేదా మరొకదానితో నడుపుట. ఆ మరొకటియే కట్టెబొగ్గు.

ఆనాటి బొగ్గుబస్సును చూచినవారు దానిని మరువలేరు. బస్సు వెనుక మనిషియెత్తు ఇనుప పీపా, దానినుండి ఇంజను వరకు లావైన గొట్టములు. తెల్లవారుజామున క్లీనరు పీపాలో బొగ్గుపోసి నిప్పంటించి, చేతితో త్రిప్పు గాలిమరను చాలసేపు త్రిప్పవలెను. వాయువు మండుదశకు వచ్చిన పిమ్మటనే ఇంజను కదలును. ఎగువదారి వచ్చినచో ప్రయాణికులు దిగి నడచుట, అవసరమైన నెట్టుట ఆనాడు వింతగాదు.

పీపాలో జరుగునది సులభమైన రసాయనక్రియ. బొగ్గు పూర్తిగా కాలుటకు చాలినంత గాలి ఇచ్చినచో కార్బన్ డయాక్సైడు ఏర్పడి వేడి యంతయు అక్కడనే వెలువడును. గాలిని తగ్గించి, ఏర్పడిన వాయువును ఎర్రగా కాగిన బొగ్గుపొర గుండ పోనిచ్చినచో, అది కార్బన్ మోనాక్సైడుగా మారును. ఇది మండు వాయువు. గాలిలోని తేమ వలన కొంత హైడ్రోజను కూడ పుట్టును. ఈ మిశ్రమమునకు ప్రొడ్యూసరు వాయువని పేరు. ఐరోపాలో దీనిని ప్రచారమునకు తెచ్చినవారిలో ఇంబర్టు అను ఫ్రెంచి ఇంజనీరు ముఖ్యుడు. యుద్ధకాలమున స్వీడనులో డెబ్బదివేలకు పైగాను, జర్మనీలో యుద్ధాంతమునకు సుమారు 5 లక్షలును ఇట్టి బండ్లు తిరిగినవి.

అయితే బొగ్గుబస్సు అంత నీరసముగా నడచుటకు కారణమేమి? ప్రొడ్యూసరు వాయువులో సగమునకు పైగా నైట్రోజనే; అది మండదు, మండనీయదు. పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమము ఒక ఘనమీటరులో సుమారు మూడున్నర మెగాజౌళ్ళ శక్తి యుండగా, ప్రొడ్యూసరు వాయువు, గాలి కలిసిన మిశ్రమములో రెండున్నర మాత్రమే యుండును. సిలిండరు పరిమాణము మారదు గనుక ప్రతి పేలుడులోను బలము తగ్గును. పీపా, వడపోతల గుండ వాయువును లాగుకొనుటకు పడు శ్రమ కూడ చేరి, ఇంజను సత్తువలో నూటికి 40 పాళ్ళ వరకు పోయెడిది. ఈ వాయువు నెమ్మదిగా మండును గనుక నిప్పురవ్వను ముందుగా పుట్టించునట్లు మార్చవలెను. బూడిద సరిగా వడగట్టనిచో సిలిండర్లు త్వరలో అరిగిపోవును.

పొదుపు మాట కొంత లెక్క వేసి చూడవలెను. ఒక లీటరు పెట్రోలు పనికి సుమారు కిలోన్నర కట్టెబొగ్గు కావలెను. నాటు బట్టీలో కిలో బొగ్గునకు నాలుగైదు కిలోల కట్టె ఖర్చగును. అనగా లీటరు పెట్రోలు మిగిల్చుటకు ఆరేడు కిలోల కట్టె కాల్చినట్లు. పెట్రోలు మిగిలినమాట నిజమే; శక్తి మాత్రము మిగులలేదు సరిగదా, మరింత వ్యర్థమైనది. ఒక ఇంధనమునకు బదులు మరొకటి వాడుటకును, ఇంధనమును పొదుపు చేయుటకును గల తేడా బొగ్గుబస్సు వద్ద స్పష్టముగా కనబడును. యుద్ధము కష్టము గట్టెక్కుటకు అది గొప్ప ఉపాయమనుటలో సందేహము లేదు. కాని కార్బన్ మోనాక్సైడు రక్తములోని హిమోగ్లోబినును ఆక్సిజనుకన్న 200 రెట్లకు మించిన పట్టుతో పట్టుకొనును. దానికి రంగు లేదు, వాసన లేదు. గొట్టము కారుచున్న బండిని తలుపులు మూసిన షెడ్డులో నుంచుట ప్రాణాపాయము. పెట్రోలు మరల దొరకగానే యజమానులు ఆ పీపాలను ఊడదీసి పారవేయుటలో ఆశ్చర్యము లేదు.

పాతబండికి నిజమైన పొదుపు తెచ్చినది డీజిలు ఇంజను. రుడాల్ఫు డీజిలు 1892లో పేటెంటు కోరిన యంత్రము 1897లో ఆగ్స్‌బర్గు నగరమున పరీక్షకు నిలిచినది. ఇంధనపు వేడిలో నూటికి 26 పాళ్ళు పనిగా మారినట్లు అందు తేలెను. ఆనాటి ఆవిరియంత్రములు దీని దరికి రాలేకపోయినవి. పెట్రోలు ఇంజను గాలియు పెట్రోలును కలిపి అణచును. ఎక్కువగా అణచినచో మిశ్రమము తనంతట తానే పేలును గనుక ఆనాటి ఇంజన్లలో ఆరేడు వంతులకు మించి అణచ వీలులేదు. డీజిలు ఇంజనులో అణగునది ఒట్టి గాలి. దానిని పదునారు, పదునెనిమిది వంతులు అణచినను భయము లేదు. అంత అణగిన గాలి వేడికి, చిమ్మిన నూనె దానంతటదే అంటుకొనును. ఎంత ఎక్కువ అణచిన, మండిన వాయువు వ్యాకోచించుటకు అంత ఎక్కువ చోటు దొరకి, అంత ఎక్కువ పని జరుగును. పైగా పెట్రోలు ఇంజను తక్కువ బరువుతో పోవునప్పుడు కార్బురెటరు తలుపు సగము మూసికొని, సన్నని సందునుండి గాలి పీల్చుకొనుటకే కొంత శక్తి నష్టపడును. డీజిలునకు ఆ నష్టము లేదు.

మొదట డీజిలు ఇంజన్లు ఓడలకును, కర్మాగారములకును తగినంత స్థూలముగా నుండెడివి. 1927లో జర్మనీలో బాష్ సంస్థ చిన్న ఇంజెక్షను పంపులను పెద్దయెత్తున తయారుచేయ నారంభించిన తరువాతనే అవి లారీలలో చొరబడినవి. 1932లో ఇంగ్లండులోని పీటర్‌బరోలో ఫ్రాంకు పెర్కిన్సు స్థాపించిన సంస్థ మరియొక మెట్టు ముందుకు వెళ్ళినది. కొత్త బండిని కొనజాలనివాడు పాత పెట్రోలు లారీనుండి ఇంజను దింపి, ఆ చోటనే అమర్చుకొనదగిన డీజిలు ఇంజను వారి సరకు. మద్రాసులోని సింప్సన్ కంపెనీ 1950లలో పెర్కిన్స్ ఇంజన్లను ఇచ్చటనే తయారుచేయసాగెను. 1954లో టాటావారు జర్మనీ దెయిమ్లర్-బెంజ్ సహకారముతో జంషెడ్‌పూరులో డీజిలు లారీలను విడుదల చేసిరి. అదే చట్రము, అదే బాడీ, అదే బరువు. ఇంజను మార్చినంతనే ఒక గాలనుకు ఒకటిన్నర రెట్లో అంతకుమించియో దూరము వచ్చెడిది. డీజిలు ధర పెట్రోలు ధరకంటె తక్కువ గనుక లాభము రెట్టింపు. పాతబండికి జరిగిన మేలులలో ఇంతకు మించినది వేరొకటి లేదు.

ఆ తరువాత చాలకాలము మైలేజిని గూర్చి పట్టించుకొన్నవారు తక్కువ. 1973లో అరబ్బు దేశముల చమురు నిషేధముతో పీపా ధర కొద్ది నెలలలో సుమారు మూడు డాలర్లనుండి పండ్రెండు డాలర్ల దరికి ఎగబ్రాకినది. 1978లో కేంద్రప్రభుత్వము పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘమును నెలకొల్పెను. రహదారి రవాణా సంస్థ డిపోలలో లీటరుకు ఎన్ని కిలోమీటర్లనునది డ్రైవరువారీగా లెక్కించు అలవాటు స్థిరపడినది. నంద్యాల, ఆళ్ళగడ్డ, కోయిలకుంట్ల డిపోలలో ఒకే మోడలు బస్సు, ఒకే దారిలో, ఇద్దరు డ్రైవర్ల చేతిలో రెండు విధములుగా నూనె త్రాగును. ఈ సంగతి లెక్క వ్రాయనిదే బయటపడదు.

1980లలో ప్రభుత్వము నూనె తక్కువ త్రాగు తేలికపాటి లారీల కొఱకు జపాను సహకారమునకు అనుమతించెను. అట్లు వచ్చిన నాలుగు సంస్థలలో ఒకటి మన తెలుగునేలపైననే, జహీరాబాదులో వెలసిన ఆల్విన్ నిస్సాన్. హైదరాబాదు ఆల్విన్ కంపెనీ దీనికి మాతృసంస్థ. బండ్లు మంచివే. కాని విడిభాగములు జపానునుండి రావలసియుండగా, 1985 తరువాత యెన్ విలువ పెరిగి ధరలు మండిపోయినవి. 1986లో టాటావారి 407 వచ్చెను. తక్కువ ధరకు, ఊరూర దొరకు విడిభాగములతో అది మార్కెట్టును గెలుచుకొన్నది. జహీరాబాదు కర్మాగారము పిమ్మట మహీంద్రావారి చేతికి పోయినది. లీటరుకు రెండు కిలోమీటర్లు ఎక్కువిచ్చు బండియైనను నంద్యాలలో దాని పిస్టను రింగు దొరకనిచో యజమానికి గిట్టదు. ఈ మాట గణాంకముల పట్టికలో కనబడదు.

ఇక నేటి పాత పికప్ సంగతి. కొత్తబండ్లలోని కామన్ రైలు ఇంజెక్షను, కంప్యూటరు నియంత్రణ దీనికి తగిలించుట వీలుగాదు. ఉన్న ఇంజనులో వేడి యెటు పోవుచున్నదో చూడవలెను. మంచి స్థితిలోని డీజిలు ఇంజనులో నూరు పాళ్ళ వేడికి 35 పాళ్ళు పనియగును. ఇంచుమించు 30 పాళ్ళు పొగగొట్టమునను, మరి 30 పాళ్ళు రేడియేటరులోను పోవును. మిగిలినది ఒరపిడికి బలి. నాజిల్ అరిగి నూనె తుంపరగా గాక బొట్లుగా పడినచో సగము కాలిన కార్బను నల్లపొగగా బయటపడును. ఎయిర్ ఫిల్టరు నిండ రేగడి దుమ్ము చేరినను ఫలితమదే. నల్లపొగ యనిన యజమాని జేబునుండి పోవుచున్న డీజిలే!

ఒక చిత్రమైన దురలవాటు కూడ కలదు. ఎండకాలమున ఇంజను కాగుచున్నదని కొందరు మెకానిక్కులు థర్మోస్టాటును తీసి పారవేయుదురు. నీరు సుమారు 80 డిగ్రీలు వెచ్చబడువరకు దానిని రేడియేటరునకు పోనీయకుండ ఆపుట దాని పని. అది లేని ఇంజను ఎల్లప్పుడు చల్లగానే తిరుగును, నూనె చిక్కగానే యుండును, ఒరపిడి పెరుగును, డీజిలు సరిగా మండదు. రేడియేటరు కడిగించుకొనుటకు బదులు థర్మోస్టాటు తీయుట, జ్వరము వచ్చినదని థర్మామీటరు పగులగొట్టుట వంటిది.

చక్రముల సంగతి ఇంతకంటె ముఖ్యము. సరకుతో కలిపి మూడు టన్నుల పికప్ మంచి తారురోడ్డుపై దొర్లుటకు టన్నుకు సుమారు 12 కిలోల చొప్పున 36 కిలోల బలము కావలెను. మెత్తని మట్టిదారిలో టన్నుకు 50 కిలోలు, అనగా మొత్తము 150 కిలోలు. తడిసిన రేగడిలో ఇది ఇంకను పెరుగును. కావున గనిదారి బాగుచేసిన పంచాయతీ, ఏ మెకానిక్కు చేయలేని పొదుపు చేసినట్లే. గాలి తగ్గిన టైరు తారురోడ్డును కూడ కొంత మట్టిదారిగా మార్చును. బ్రేకు లైనరు డ్రమ్మును అంటిపట్టుకొనియున్నను అంతే.

వేగము లెక్క మరొకటి. గాలి అడ్డు వేగపు వర్గమును బట్టి పెరుగును. అదే పికప్‌నకు గంటకు 50 కిలోమీటర్ల వేగమున గాలి అడ్డు సుమారు 18 కిలోలు. 80 కిలోమీటర్లకు 45 కిలోలు. తారురోడ్డు ఒరపిడి 36 కిలోలు కలిపిన మొదటిది 54, రెండవది 81. అనగా ప్రతి కిలోమీటరుకును ఒకటిన్నర రెట్ల పని. నంద్యాల మార్కెట్టుకు అరగంట ముందు చేరుటకు ఈ వెల చెల్లింపవలెను.

వీటికి బదులుగా డీజిలు గొట్టమునకు కట్టు అయస్కాంతములు, ట్యాంకులో వేయు బిళ్ళలు అమ్మువారు ప్రతి తరములోను పుట్టుచునే యున్నారు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఇట్టి సాధనములను నూటికి పైగా పరీక్షింపగా, వాటిలో స్వల్పముగానైన ఉపకరించినవి వ్రేళ్ళపై లెక్కింపదగినవి. 1996లో తమిళనాడులో మూలికలతో నీటిని పెట్రోలు చేయుదునన్న మాట దేశమంతట మారుమ్రోగినది; అదియు పరీక్షకు నిలువలేదు. సాధనము కొన్నవాడు కొన్నాళ్ళు నెమ్మదిగా, జాగ్రత్తగా నడుపును. మైలేజి కొంత పెరుగును. ఆ కీర్తి అయస్కాంతమునకు పోవును.

సత్యము తెలియవలెనన్న లెక్క ఒక్కటే మార్గము. ట్యాంకు మూతివరకు డీజిలు నింపి, కిలోమీటర్ల అంకె వ్రాసికొని, రెండు వారములు నడిపి, అదే బంకులో మరల మూతివరకు నింపినచో పట్టిన లీటర్లే ఖర్చు. తరువాత ఒకసారికి ఒక్క మార్పే చేసి, మరల రెండు వారములు కొలువవలెను. రోజుకు 100 కిలోమీటర్లు తిరుగు పికప్ లీటరుకు 12 నుండి 14 కిలోమీటర్లకు పెరిగినచో దినమునకు సుమారు 1.2 లీటర్లు, ఏడాదికి 300 పనిదినములకు 350 లీటర్లకు పైగా మిగులును. పాత పికప్ ట్యాంకులు అయిదారు నింపదగినంత డీజిలు అది.