యంత్రమునకు కళ్ళెము

ఆవిరి యంత్రమును నిర్మించుట ఎంత కష్టమో, దానిని అదుపులో నుంచుటయు నంత కష్టమే. గుఱ్ఱమునకువలె యంత్రమునకును కళ్ళెము కావలెను. అయితే ఏ యంత్రమునకు ఎట్టి కళ్ళెము తగునో గ్రహించుటకు మానవునకు నూటయేబది యేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రను సంగ్రహముగా మనవి చేయుదుము.

పిండిమరలలో తిరుగలిరాళ్ళ నడిమి ఎడమును సరిచేయుటకు వాడుచుండిన గుండ్ల గవర్నరును జేమ్సు వాట్ 1788లో తన ఆవిరి యంత్రమునకు అమర్చెను. వేగము హెచ్చినచో గుండ్లు ఎడముగా జరిగి ఆవిరి ద్వారమును కొంత మూయును. తగ్గినచో దగ్గరకు చేరి తెఱచును. తప్పు ఎంతయో దిద్దుబాటును అంతే. దీనికి అనుపాత నియంత్రణమని పేరు. ఇందొక లోపము కలదు. యంత్రముపై భారము హెచ్చినపుడు ద్వారము మరింత తెఱచి యుండవలెను. అట్లుండుటకు వేగము కొంత తగ్గియే యుండవలెను. అనగా తప్పులో కొంత శేషము మిగిలిపోవును.

ఆ శేషమును తుడిచివేయుటకై, గడచిన తప్పులను కూడబెట్టి దిద్దు గవర్నరులు తరువాత వచ్చినవి. దీనినే సమాకలన నియంత్రణ మందురు. 1868లో లండను రాయల్ సొసైటీ ప్రకటించిన వ్యాసమున జేమ్సు క్లార్క్ మాక్స్‌వెల్ మొదటి తెగను మోడరేటరులనియు, రెండవ తెగను మాత్రమే గవర్నరులనియు వేరుచేసెను. దిద్దుబాటు మితిమీరినచో యంత్రము ఊగిసలాడును. ఆ ఊగు ఎప్పుడు అణగునో, ఎప్పుడు పెరుగునో గణితముచే నిర్ణయింపవచ్చునని ఆయన చూపెను.

రష్యాలో జన్మించి అమెరికా చేరిన నికొలాస్ మినోర్‌స్కీ 1922లో ఓడలను స్వయముగా నడుపు విధమును విచారించెను. నేర్పరియైన సరంగు ఏమి చేయును? ఓడ దారి నుండి ఎంత తొలగినదో చూచును. ఎంతసేపటి నుండి తొలగి యున్నదో గమనించును. ఎంత వడిగా తిరుగుచున్నదో కనిపెట్టి, దారికి చేరకముందే చుక్కానిని ఎదురు త్రిప్పును. ఈ మూడవదే అవకలన నియంత్రణము. ఈ సిద్ధాంతము న్యూ మెక్సికో అను అమెరికా యుద్ధనౌకపై పరీక్షింపబడినది.

అయినచో మూడింటిని కలిపినదే ఎల్లయెడల ఉత్తమమా? కాదు. తొట్టిలో నీటిమట్టము కొంత హెచ్చుతగ్గులైనను హాని లేనిచోట మొదటిది చాలును. గొట్టములోని ప్రవాహపు కొలత సదా చలించుచుండును. అచ్చట మూడవదానిని చేర్చినచో ఆ చలనమే పెద్దదగును. కనుక మొదటి రెండును తగును. నెమ్మదిగా వేడెక్కు కొలిమికి మూడును ఉపకరించును.

1942లో జీగ్లర్, నికొల్స్ అను ఇంజనీర్లు ఒక సులభోపాయము చెప్పిరి. మొదట అనుపాతమును మాత్రమే ఉంచి, ఊగు పెరుగక తరుగక సాగువరకు దాని బలమును పెంచవలెను. పిమ్మట ఆ బలములో, అనుపాతమునకు నూటికి 50 పాళ్ళు, సమాకలనము చేరినచో 45, మూడును ఉన్నచో 60 పాళ్ళు ఉంచవలెను. సమాకలనము ఊగును హెచ్చించును, అవకలనము అణచును. అందుకే ఈ భేదము.

యంత్రము స్వభావమెరిగి, ఎంత తప్పును ఓర్వవచ్చునో ముందుగా తేల్చుకొన్నవారికి కళ్ళెము నెన్నుట కష్టము కాదు.