‘కల్పన’ - ఒక కలకు చారిత్రక వ్యాఖ్యానం

మన పూర్వవ్యాఖ్యాతలు శ్లోకానికి అర్థం చెప్పబోయే ముందు సందర్భం చెబుతారు. ఎవరు, ఎవరితో, ఏ ఘట్టంలో పలికిన మాట అన్నది తేలనిదే తాత్పర్యం తేలదని వారి మతం. కలవలె సాగే చలనచిత్రం ఎదురైనప్పుడు మాత్రం మనం ఈ క్రమాన్ని విస్మరిస్తాం. ప్రతి దృశ్యాన్నీ ఒక పొడుపుకథగా భావించి విడివిడిగా విప్పబోతాం. నృత్యకళాకారుడు ఉదయశంకర్ దర్శకత్వం వహించి, తానే నాయకుడుగా నటించిన ‘కల్పన’ (1948) ఆ పద్ధతికి లొంగే చిత్రం కాదు.

కథ క్లుప్తంగా ఇది. ఒక రచయిత తాను రాసిన కథను నిర్మాతకు వినిపిస్తాడు. ఆ కథలో ఉదయన్ అనే నర్తకుడు హిమాలయ సానువులలో ఒక కళాకేంద్రాన్ని స్థాపించాలని తపిస్తాడు. ఉమ, కామిని అనే ఇద్దరు యువతులు అతని జీవితాన్ని రెండు వైపులకు లాగుతారు. కేంద్రాన్ని నిలబెట్టుకోవడానికి ధనం కావాలి. అందుకోసం ఉత్సవం జరుపుతారు. సంపన్నులనూ సంస్థానాధీశులనూ ఆహ్వానిస్తారు. ఈ సన్నని దారానికి నృత్యాలు, స్వప్నాలు, వ్యంగ్య దృశ్యాలు పూసలవలె గుచ్చబడ్డాయి. నీడలు మనుషులను మించి పెరుగుతాయి. ఒక బింబంపై మరొక బింబం పరచుకుంటుంది. మనుషులు యంత్రభాగాలుగా మారిపోతారు. ఇదొక ఊహాచిత్రమనీ, ఘటనలు వేగంగా సాగిపోతాయి గనుక అప్రమత్తంగా చూడవలసిందనీ ఉదయశంకర్ ఆరంభంలోనే ప్రేక్షకులను కోరాడు.

ఇక సందర్భానికి వద్దాం. 1900లో ఉదయపూర్‌లో జన్మించిన ఉదయశంకర్ చిత్రకళ అభ్యసించడానికి లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. 1923లో రష్యన్ నర్తకి అన్నా పావ్లోవాతో కలసి నర్తించాడు. పాశ్చాత్య దేశాలలో ఖ్యాతి గడించిన తరువాత 1930ల చివర అల్మోరాలో సాంస్కృతిక కేంద్రాన్ని నెలకొల్పాడు. ఇంగ్లండులోని డార్టింగ్టన్ హాలు అధిపతులైన ఎల్మ్‌హర్స్ట్ దంపతులు ఇందుకు తోడ్పడ్డారు. అక్కడ శంకరన్ నంబూద్రి కథాకళిని, కందప్ప పిళ్లై భరతనాట్యాన్ని, అమోబీ సింగ్ మణిపురి నృత్యాన్ని, అల్లావుద్దీన్ ఖాన్ సంగీతాన్ని బోధించారు. తరువాతి కాలంలో చలనచిత్ర దర్శకుడిగా ప్రసిద్ధికెక్కిన గురుదత్ అక్కడి విద్యార్థులలో ఒకడు. యుద్ధకాలపు ఇబ్బందుల నడుమ, నిధుల కొరతతో ఆ కేంద్రం మూతపడింది.

ఈ ఒక్క విషయం తెలిస్తే చిత్రంలోని ‘కల’కు స్వరూపం ఏర్పడుతుంది. తెరపైని కళాకేంద్రం గాలిలో కట్టిన మేడ కాదు. కూలిపోయిన ఇంటిని జ్ఞాపకంలో మళ్లీ కట్టుకోవడం. మనుషులు యంత్రాలయ్యే ఘట్టానికి మూలం ‘శ్రమ-యంత్రం’ అనే నృత్యరూపకం. అది చిత్రం కోసం పుట్టినది కాదు, అల్మోరా నాటిది. అందుచేత దానిని కథానాయకుని అంతరంగానికి ప్రతీకగా మాత్రమే చూడరాదు. పరిశ్రమలు పెరుగుతున్న దేశంలో మనిషి శరీరం ఏమవుతుందని ఒక నర్తకుడు వేసిన ప్రశ్నగా చూడాలి. శరీరమే సాధనంగా బ్రతికేవాడికి ఆ ప్రశ్న అలంకారం కాదు.

చిత్రీకరణ జరిగిన చోటు కూడా గమనింపదగినది. హిమాలయాల కథ మద్రాసులోని జెమినీ స్టూడియోలో రూపొందింది. 1942లో తెలుగువారికి ‘బాలనాగమ్మ’ను అందించిన సంస్థ అదే. కె. రామ్‌నాథ్ ఛాయాగ్రహణం, విష్ణుదాస్ శిరాలీ సంగీతం సమకూర్చారు. అదే 1948లో ఎస్.ఎస్. వాసన్ ‘చంద్రలేఖ’ జెమినీ నుంచే వెలువడింది. బ్రహ్మాండమైన ఢంకాలపై సాగిన అందలి నృత్యాన్ని దేశమంతా చూసింది. ‘కల్పన’కు ఆ ఆదరణ దక్కలేదు. చిత్రం చివర నిర్మాత రచయితను తిరస్కరించి పంపుతాడు. తనకు ఎదురు కాబోయే తీర్పును దర్శకుడు ముందే తెరపై రాసుకున్నట్లయింది.

నా దృష్టిలో ఈ చిత్రానికి తాళపుచెవి ఇక్కడే ఉన్నది. ఉత్సవానికి వచ్చిన సంస్థానాధీశులు, కాసుల లెక్కలో మునిగిన నిర్మాత - వీరిద్దరూ ఒకే ప్రశ్నకు రెండు రూపాలు: కళకు పోషకుడెవరు? చిత్రం వెలువడిన 1948లో సంస్థానాలు భారత యూనియన్‌లో విలీనమవుతున్నాయి. పాత పోషకుడు నిష్క్రమిస్తున్నాడు. కొత్త పోషకుడు ఇంకా రాలేదు. సంగీత నాటక అకాడమీ 1953లో గాని పని ప్రారంభించలేదు. ఆ నడిమి సంధ్యాకాలపు ఆందోళనే వంకరనీడలుగా, తొందరపడే దృశ్యాలుగా తెరకెక్కిందని నేను భావిస్తాను.

అయితే చరిత్ర సమస్తాన్నీ విప్పిచెప్పగలదని అనుకోవడం కూడా పొరపాటే. కొన్ని ముద్రలకు, కొన్ని చూపులకు నృత్యంలో తప్ప వేరే అర్థం లేదు. కర్ణాటక సంగీతంలో కల్పనస్వరం అనే మాట ఉన్నది. గాయకుడు అప్పటికప్పుడు స్వరాలు అల్లుతాడు, కాని రాగాన్నీ తాళాన్నీ దాటడు. చరిత్ర ఇక్కడ తాళం వంటిది. అది స్వరాన్ని పుట్టించదు. స్వరం ఎక్కడ నిలిచిందో తెలియజేస్తుంది.

1964లో ఏర్పడిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పుణెలో ఈ చిత్రపు ప్రతిని భద్రపరచింది. దాని ఆధారంగా వరల్డ్ సినిమా ఫౌండేషన్ జరిపించిన పునరుద్ధరణ 2012లో కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. ఉమగా నటించిన అమలాశంకర్ తొంభై ఏళ్లు దాటిన వయసులో ఆ ప్రదర్శనకు హాజరయ్యారు. 1977లో మరణించిన ఉదయశంకర్ ఆ దినాన్ని చూడలేదు.

కళాసంస్థల అర్జీలను పరిశీలించే ఉద్యోగంలో ఉన్న నావంటివారికి ఈ చిత్రం కొంత ఇబ్బంది కలిగిస్తుంది. చివరి దృశ్యంలో బల్లకు ఇవతల రచయిత ఉన్నాడు. అవతలి కుర్చీలో నేడు కూర్చున్నది మనమే. అర్థం కాలేదు గనుక తిరస్కరించాలన్న నిర్ణయం ఎంత సులువో, దాని మూల్యం ఎంతటిదో ‘కల్పన’ గుర్తు చేస్తుంది. ఆర్కైవులో ఒక ప్రతి మిగిలింది గనుకనే, ఆనాడు తోసివేసిన కథను ఈనాడు మళ్లీ వినగలుగుతున్నాం.