హెల్సింకీ - టోక్యో: మళ్ళీ 13 గంటలే

ఇంట్లో గ్లోబు ఉంటే హెల్సింకీ నుంచి టోక్యోకి ఓ దారం లాగి చూడండి. సుమారు 7,800 కిలోమీటర్లు, అందులో చాలావరకు రష్యా మీదే పోతుంది. ఆ దూరం ఎప్పుడూ ఒక్కటే. ప్రయాణానికి పట్టే సమయం మాత్రం మారుతూ వచ్చింది, అదీ విమానాల వల్ల ఎంతో, ఆ దారం కింద ఉన్న దేశం వల్లా అంతే.

సోవియట్ కాలంలో సైబీరియా మీదుగా పరాయి విమానాలని పోనిచ్చేవారు కాదు. (తర్వాత్తర్వాత కొన్ని కంపెనీలని మాస్కో మీదుగా రానిచ్చారు లెండి.) 1957 ఫిబ్రవరిలో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు ఉత్తర ధ్రువం వైపు నుంచి తిరిగి, అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగి, కోపెన్‌హాగెన్ నుంచి టోక్యో వెళ్ళడం మొదలెట్టారు. ఆసియా దక్షిణం మీదుగా 52 గంటలు పట్టేది కాస్తా 32కి తగ్గింది. అయస్కాంత ధ్రువం దగ్గర దిక్సూచి పనికిరాదు కాబట్టి గైరోలని నమ్ముకుని నడిపేవారు.

1983 ఏప్రిల్లో ఫిన్‌ఎయిర్ వాళ్ళు డీసీ-10లో అదనపు ఇంధనం నింపుకుని, ఎక్కడా ఆగకుండా ధ్రువం చుట్టూ టోక్యో చేరారు. 13 గంటలు.

అదే ఏడాది సెప్టెంబరు 1న యాంకరేజ్ నుంచి సియోల్ బయల్దేరిన కొరియన్ విమానం దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్ళింది. యుద్ధ విమానం కూల్చేసింది. 269 మంది పోయారు. బ్లాక్‌బాక్సులు సోవియట్ల దగ్గరే ఉండిపోయి, పదేళ్ళకి గానీ అసలు సంగతి బయటికి రాలేదు: ఆటోపైలట్ నావిగేషన్ కంప్యూటర్ చెప్పినట్టు కాకుండా, ఒకే దిక్కు పట్టుకుని పోయే మోడ్‌లో ఉండిపోయింది. ఐదు గంటల పైన ఎవరూ గమనించలేదు! ఒక స్విచ్చి, తప్పు చూపించని ఒక ఇంటర్‌ఫేస్.. ఈ వృత్తిలో ఉన్నవాడికి ఇది చదివితే నిద్ర పట్టదు. జీపీఎస్ పూర్తయ్యాక పౌర విమానాలకీ ఇస్తామని రీగన్ ప్రభుత్వం ప్రకటించింది ఆ రెండు వారాల తర్వాతే.

సోవియట్ యూనియన్ పోయాక సైబీరియా తెరుచుకుంది. రుసుము కట్టాలి, కానీ తొమ్మిదిన్నర గంటల్లో టోక్యో! ఫిన్‌ఎయిర్ ఆసియా వ్యాపారమంతా ఈ అడ్డదారి మీదే కట్టుకుంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధంతో యూరప్, రష్యా ఒకరికొకరు ఆకాశం మూసేసుకున్నారు. మార్చిలో ఫిన్‌ఎయిర్ మళ్ళీ ధ్రువం మీదుగా బయల్దేరింది. ఈసారి సరికొత్త ఏ350. పట్టింది మాత్రం మళ్ళీ 13 గంటలే :)

అన్నట్టు, ఆ నిషేధం మన విమానాలకి లేదు. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిరిండియా విమానం ఇంజన్ ఇబ్బందితో రష్యాలోని మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు, వాళ్ళలో అమెరికన్లూ ఉన్నారు. వాళ్ళని తీసుకెళ్ళడానికి ఇంకో విమానం కూడా ఇండియా నుంచే రావాల్సొచ్చింది.