బస్తాకు లెక్క ఉంది, అరిగిన వేలికి లేదు

గోదాము నుంచి రేషన్ దుకాణం దాకా సరుకు రవాణాను కంప్యూటరీకరించాలని జాతీయ ఆహార భద్రతా చట్టం–2013లోని 12వ సెక్షన్ చెబుతోంది. తెలుగు రాష్ట్రాల్లో బియ్యం ఎంఎల్‌ఎస్ పాయింట్ దాటి డీలర్‌కు చేరాక, సాధారణంగా ఈ-పాస్ యంత్రం మీద కార్డుదారు వేలు పెట్టాకే ఆ లెక్క పూర్తవుతుంది. దీనివల్ల బియ్యం పక్కదారి పట్టడం కొంత తగ్గుతుంది, కాదనం. 2019 ఆగస్టులో ఈ రెండు రాష్ట్రాల మధ్య మొదలైన పోర్టబిలిటీ వలస కూలీలకు మేలే.

కానీ మట్టిపనిలో, మిరప కోతల్లో, గోదాము బస్తాల కింద అరిగిపోయిన వేళ్లను యంత్రం చాలాసార్లు గుర్తించదు. ఆ పనుల్లో ఎవరున్నారో వేరే చెప్పాలా? బస్తా ఎటు పోయిందో చెప్పాల్సింది వ్యవస్థ. తానెవరో నిరూపించుకోవడానికి కూలి పోగొట్టుకుని మళ్లీ మళ్లీ తిరిగేది మాత్రం మన మనిషి. ఆ తిరుగుడు ఎక్కడా నమోదు కాదు, నెలాఖరుకు సరుకు తీసుకోనివారి లెక్కలో కలిసిపోతుంది.

వేలిముద్ర పడలేదని రేషన్ ఆపకూడదని 2017 అక్టోబరు 24న కేంద్రం ఆదేశించింది. ఆధార్, రేషన్ కార్డులు చూసి సరుకు ఇవ్వాలి, విడిగా రిజిస్టర్‌లో రాయాలి. అసలు ధాన్యమే అందకపోతే 8వ సెక్షన్ కింద ఆహార భద్రతా భృతి అడగొచ్చు. అందుకే డీలర్ దగ్గర మేం మొదట చూపమనేది ఆ రిజిస్టరే.