బడి గోడ ఎవరిది? - నారాయణఖేడ్ నేల చెప్పే చరిత్ర

మన సాహిత్య చరిత్రకారులు బడిని గురించి రాసినప్పుడు బోధనా భాషను గురించి రాశారు, పాఠ్యపుస్తకాన్ని గురించి రాశారు, పంతులు బెత్తాన్ని గురించీ రాశారు. బడి గోడను గురించి మాత్రం రాయలేదు. కట్టడాల వెనక ఉన్న కూలీలెవరని అభ్యుదయ కవిత్వం ఏనాడో అడిగింది. ఆ ప్రశ్నను కోటలకూ గోపురాలకూ వేశాం గాని, మన పిల్లలు కూర్చునే గదికి వేయలేదు. ఈనాడు ‘సుస్థిర నిర్మాణం’ అనే మాట వాస్తుశిల్పుల సభల్లోనూ ప్రభుత్వ పత్రాల్లోనూ వినపడుతున్నది. కొత్తగా కట్టే ప్రాథమిక పాఠశాల స్థానిక వనరులతో, తక్కువ ఖర్చుతో, ఎండకూ వానకూ తట్టుకునేలా ఉండాలంటున్నారు. మంచిమాటే. కాని చరిత్ర తెలియకుండా ఈ మాటను స్వీకరిస్తే అది మరో నినాదంగా మిగిలిపోతుంది. నారాయణఖేడ్ ప్రాంతాన్ని ఆధారం చేసుకుని ఈ విషయాన్ని పరిశీలించడం నా ఉద్దేశం.

నారాయణఖేడ్ ఈనాడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. 2016కు ముందు మెదక్ జిల్లాలో ఉండేది. అంతకు ముందు, హైదరాబాదు రాజ్యంలో, బీదరు జిల్లా తాలూకా. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు బీదరు మైసూరు రాష్ట్రానికి పోయింది, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. సరిహద్దు గీత కాగితం మీద పడింది గాని నేల మారలేదు. బీదరు పీఠభూమి ఎర్రరాయి ఇటు జహీరాబాదు, నారాయణఖేడ్ దిక్కుగా కూడా సాగుతుంది. భూగర్భ శాస్త్రం దీనిని లాటరైట్ అంటుంది. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలినకొద్దీ గట్టిపడటం దీని గుణం. కాల్చకుండానే ఇటుకలా కోసుకోదగిన రాయి ఇది. 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ మలబారు రాయిని చూసి లాటిన్‌లో ఇటుక అనే అర్థం వచ్చే మాటతో ఆ పేరు పెట్టాడు. రాయి గుణం మాత్రం ఆయనకంటే శతాబ్దాల ముందే ఇక్కడి వడ్డెవారికి తెలుసు.

ఈ నేల మీద విద్య కోసం కట్టిన మహాకట్టడం బీదరులోని మహమూద్ గవాన్ మదరసా. బహమనీ మంత్రి గవాన్ 1472లో దానిని కట్టించాడు. మధ్యలో విశాలమైన ముంగిలి, చుట్టూ మూడంతస్తుల గదులు, ఉపన్యాస మందిరాలు, గ్రంథాలయం. మందమైన గోడలు ఎండ వేడిని వెంటనే లోపలికి రానీయవు, ముంగిలి గాలినీ వెలుతురునూ పంచుతుంది. ఆ కాలంలోనే బీదరులో ఎర్రరాయిని తొలిచి, భూమి కింద సొరంగ కాలువలు తవ్వి, మధ్యమధ్య నిలువు బావులు దించి, ఊటనీటిని వాలు మీద ఊరికి నడిపించారు. ఆ కాలువలను కరేజు అంటారు. వాననీటిని ఎర్రరాయి పీల్చుకుంటుంది, దాని కింది నల్లరాయి ఆ నీటిని నిలుపుతుంది. ఈ జ్ఞానం మీదనే కరేజు నిలిచింది. గోడకూ నీటికీ నేలే శాస్త్రం చెప్పింది.

అయితే ఈ కట్టడాన్ని చూసి మురిసిపోవడంతో మన పని తీరదు. ఆ మదరసాలో ఎవరు చదివారు? పారశీక, అరబీ విద్యలకు దూరదేశాల పండితులు వచ్చారు. రాయి కోసినవాని కొడుకు ఆ ముంగిట్లో కూర్చుని చదివిన దాఖలా లేదు. 1481లో గవాన్ రాజాజ్ఞకు తలనిచ్చాడు. 1696లో, ఔరంగజేబు సైన్యం అక్కడ నిలవచేసిన మందుగుండు పేలి కట్టడంలో పెద్ద భాగం కూలింది. చదువుల ఇంటిని ఆయుధాగారం చేసిన పాలకులు ఆనాడే ఉన్నారు.

ఊళ్లలో సామాన్యుని బడి వేరు. పంతులు ఇంటి అరుగు, గుడి మండపం, చావడి, చెట్టునీడ. ఇసుకలో అక్షరాలు దిద్దిన ఖాన్గీ బడి అది. మట్టి మిద్దె కింద వేసవిలోనూ చల్లగానే ఉండేది. కాని ఆ చల్లదనాన్ని కీర్తించే ముందు ఒక విషయం విస్మరించరాదు. మట్టి మిద్దెకు ఏటేటా మన్ను వేసి, పూసి, అలకాలి. పెద్దలిళ్లకు ఆ చాకిరీ చేసినవారిలో ఎందరో వెట్టివాళ్లు. వారి పిల్లలకు ఆ అరుగు ఎక్కే అర్హత లేదు. పాత కట్టడం ప్రకృతితో రాజీపడింది, మనిషితో పడలేదు. కనుక ‘మన పూర్వీకుల పద్ధతికి తిరిగిపోదాం’ అనే వాదాన్ని యథాతథంగా ఒప్పుకోలేం.

నిజాం పాలనలో చదువు ఉర్దూలో సాగింది. ఖాన్గీ బడి పెట్టాలన్నా సర్కారు అనుమతి కావాలి. 1930లో నారాయణఖేడ్‌కు దూరం కాని జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగింది. మాతృభాషలో చదువు కావాలన్న కోరిక ఆ ఉద్యమంలో బలపడింది. చాలాకాలానికి ఆ కోరిక తీరింది. కన్నడం, మరాఠీ, లంబాడీ మాట్లాడే ఇళ్లున్న ఈ ప్రాంతంలో అదీ సగమే తీరిందనుకోండి. కాని మాట ఇంటికి వస్తున్న కాలంలోనే గోడ పరాయిదయింది. ఇదే నేను చెప్పదలచిన ముఖ్యవిషయం.

1986 జాతీయ విద్యావిధానం, దాని వెంట 1987లో వచ్చిన ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’, ప్రతి ప్రాథమిక పాఠశాలకూ అన్ని కాలాలలో పనికివచ్చే రెండు గదులైనా ఉండాలన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయునికో గదిని, తాగునీటిని, బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లను హక్కుగా చేసింది. తెలంగాణలో 2022లో ‘మన ఊరు - మన బడి’ వచ్చింది. ఇవి తక్కువ విజయాలు కావు. తరతరాలు బడి ముఖం ఎరుగని తండా పిల్లవాని తలపై కప్పు వచ్చింది. ఆ కప్పును తేలిక చేసి మాట్లాడే హక్కు నీడపట్టున పెరిగినవారికి లేదు.

కాని సముద్రతీరానికీ ఎర్రరాతి పీఠభూమికీ ఒకే నమూనా అయితే ఏమవుతుంది? పలుచని గోడ, కాంక్రీటు కప్పు, చిన్న కిటికీ. పగలంతా ఎండను తాగిన కప్పు ఆ వేడిని కిందికి వదులుతుంది. నేను పనిచేసిన ఒక బడిలో మార్చి వస్తే పిల్లలను వేపచెట్టు కిందికి తీసుకుపోయేవాళ్లం. గది ఉండగా చెట్టే బడి అయ్యేది. ఒంటిపూట బడికి కారణం ఎండే, కాని ఆ ఎండను గదిలోకి పిలిచింది మన నమూనా. ఇంతకంటె పెద్ద విడ్డూరం మరొకటుంది. ఈ ప్రాంతపు తండాల నుంచి చెరకు కొట్టడానికీ, హైదరాబాదులో భవనాల పనికీ ఏటా జనం వలసపోతారు. నగరం మేడలు కట్టే చేతులకు సొంత ఊరి బడి ఎలా ఉండాలో చెప్పే అవకాశం లేదు.

మరో దారి లేకపోలేదు. పశ్చిమాఫ్రికాలోని బుర్కినా ఫాసోలో గాండో అనే పల్లె ఉంది. ఆ ఊరివాడైన ఫ్రాన్సిస్ కేరే జర్మనీలో వాస్తువిద్య చదువుతూనే, 2001లో తన ఊరికి ప్రాథమిక పాఠశాల కట్టించాడు. అక్కడి బంకమట్టికి కొంచెం సిమెంటు కలిపి అచ్చుపోసిన ఇటుకలు వాడాడు. లోకప్పుకు ఎగువన, సందు వదిలి, రేకుల కప్పు లేపాడు. వేడిగాలి ఆ సందులోంచి పోతుంది. ఊరివారే కట్టారు, కడుతూ పని నేర్చుకున్నారు. 2022లో ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. మనదేశంలో కేరళను కేంద్రం చేసుకుని లారీ బేకర్ గోడలో గుల్ల వదిలే ఇటుక పనినీ, కప్పులో పెంకులు పొదిగి కాంక్రీటును తగ్గించే పద్ధతినీ ప్రచారం చేశాడు.

నారాయణఖేడ్‌లో కొత్త ప్రాథమిక పాఠశాల కట్టేవారు ఈ అనుభవాలను ఇక్కడి నేలకు అన్వయించాలి. బడి పొడవు తూర్పుపడమరలుగా ఉండి, కిటికీలు ఉత్తర దక్షిణాలకు తెరుచుకోవాలి. ఎర్రరాతి గోడ, డంగుసున్నం, దక్షిణాన లోతైన వసారా, పెంకులు పొదిగిన కప్పు, కప్పునీరు చేరే తొట్టి, కొట్టకుండా నిలిపిన వేపచెట్టు ఉండాలి. ఎర్రరాయి కూడా తరగని గని కాదు. గుట్టను గుల్లచేసి కట్టిన బడి సుస్థిరం కాదు. అన్నిటికంటె ముఖ్యం, ఆ పనికి న్యాయమైన కూలి, నమూనా గీసేచోట తండా తల్లిదండ్రుల మాట. వెట్టి లేని చల్లదనం కావాలి మనకు. అది గవాన్ కాలమూ ఇవ్వలేదు, గడీల కాలమూ ఇవ్వలేదు.

రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ ఇందులో పని ఉంది. డంగుసున్నం గానుగ పట్టినవారు, మిద్దె వేసినవారు, రాయి కోసినవారు ముసలివారవుతున్నారు. వారి పనితోపాటు వారి పదజాలం కూడా పోతున్నది. ఆ మాటలను సేకరించడం భాషాసేవ మాత్రమే కాదు. బడికోసం వచ్చే ఇంజనీరు ముందు ఊరు తన మాటతో నిలబడటానికి అవి అవసరం. మాతృభాష కోసం పోరాడినవారి వారసులం, బడి గోడకు కూడా మాతృభాష ఉంటుందని గుర్తించవలసి ఉంది.