మట్టి మిద్దె నుంచి కాంక్రీటు శ్లాబు దాకా: మన ఇంటి పైకప్పు చరిత్ర

హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు తీసుకుని, నెలనెలా జీతంలో కోతలు పెట్టించుకుని, 1980, 1990 దశకాలలో మనలో చాలామంది సొంత ఇళ్ళు కట్టుకున్నాము. ఆ ఇళ్ళకిప్పుడు ముప్ఫై, నలభై ఏళ్ళు నిండాయి. మనకు మోకాళ్ళ నొప్పులు వచ్చినట్లే వాటికి శ్లాబు కురవడం మొదలైంది. ఇద్దరు పెన్షనర్లు కలిస్తే డి.ఎ. బకాయిల సంగతి అయిపోగానే వచ్చే మాట ఒక్కటే: “మీ డాబా మీద ఏం వేయించారండీ?”

నేను ఇంజనీరును కాను. ఒక ఇంజనీరింగు శాఖలో గుమాస్తాగా చేరి, అక్కడే పదవీ విరమణ చేసినవాడిని. ప్రతి వేసవిలో పైకప్పుల మరమ్మతు అంచనాలు నా బల్ల మీదుగానే వెళ్ళేవి. వాటిని నకలు తీస్తూ, పాత ఫైళ్ళు తిరగేస్తూ, పెద్ద మేస్త్రీల మాటలు వింటూ తెలుసుకున్న సంగతులను మిత్రులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

చదునైన పైకప్పు మనకు కొత్తది కాదు. రాయలసీమలోనూ, తెలంగాణలో కొన్ని ప్రాంతాలలోనూ తరతరాలుగా ఉన్నది మట్టి మిద్దె. గోడల మీద దూలాలు, వాటిపై దంతెలు, ఆపైన కర్రలు, కంప, ఆకులు పరచి, జానెడుకు పైగా మట్టి వేసి తొక్కేవారు. అన్నిటికంటే పైన చవుడు మట్టి పరిచేవారు. చవుడులో సోడియం లవణాలు ఎక్కువ. తడి తగలగానే అందులోని సన్నని బంక రేణువులు విడిపోయి, ఉబ్బి, మట్టిలోని రంధ్రాలను మూసివేస్తాయి. నీరు ఇంకక పైనుంచే జారిపోతుంది. పైరుకు పనికిరాని ఆ గుణమే మిద్దెకు రక్ష అయింది.

అయితే ఆ రక్ష ఊరికే నిలవలేదు. ఏటా మృగశిర కార్తెకు ముందే ఇంటివాళ్ళు మిద్దె ఎక్కి, మొలిచిన గడ్డి పీకి, పగుళ్ళు పూడ్చి, కొత్త చవుడు పరిచేవారు. నీళ్ళు పోయే తూము వైపు వాలు సరిచేసేవారు. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడేది దాదాపు 550 మిల్లీమీటర్ల వానే కాబట్టి అక్కడ ఈ పద్ధతి చెల్లింది. వానలూ తుపానులూ ఎక్కువైన కోస్తాలో సామాన్యుడు తాటాకు, గూన పెంకు, ఆ తర్వాత బెంగుళూరు పెంకు వంటి ఏటవాలు కప్పులనే నమ్ముకున్నాడు. మనం బెంగుళూరు పెంకు అని పిలిచేది నిజానికి మంగుళూరు పెంకు. అక్కడ బాసెల్ మిషను వారు 1865లో మొదటి పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు.

కోస్తాలో చదును కప్పు బాగా వ్యాపించింది మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో. పాత కలెక్టరేట్లు, తాలూకా కచేరీలు, కోర్టులు, పెద్దల మేడలు చాలావరకు ‘మద్రాసు టెర్రేసు’ పద్ధతిలో కట్టినవే. టేకు దూలాల మీద, ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, ఒక్క అంగుళం మందం గల పలుచని ఇటుకలను అంచు మీద నిలబెట్టి, మూలవాటంగా, సున్నంతో పేర్చుకుంటూ పోయేవారు. దానిపై ఇటుక కంకర, సున్నం కలిపిన కాంక్రీటు మూడు నాలుగు అంగుళాలు. ఆపైన పలుచని చదును పెంకులు రెండు మూడు వరసలు. నిజాము రాజ్యంలోనూ గానుగలో తిప్పిన డంగు సున్నమే పనిచేసింది. తర్వాతి రోజుల్లో ఇనుప గడ్డర్ల నడుమ కమానులు కట్టి పైన సున్నం కాంక్రీటు వేసే జాక్ ఆర్చి కప్పులు, గడ్డర్ల మీద షాబాదు బండలు పరిచిన కప్పులు కూడా వచ్చాయి.

ఈ సున్నం కాంక్రీటు బలమంతా కొట్టడంలోనే ఉంది. ఆడకూలీలు వరసగా కూర్చుని చేతి కొయ్యలతో, పాట కట్టుకుని, వారం రోజుల దాకా కొట్టేవారు. బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు చల్లుతూ కొడితే పైభాగం గట్టిపడుతుందని మేస్త్రీల అనుభవం. సున్నం పనికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3036లో కూడా ఈ ఏడు రోజుల కొట్టుడు ఉంది. సున్నం నిదానంగా గట్టిపడుతుంది. సన్నని పగుళ్ళను తనంతట తానే కొంతవరకు పూడ్చుకుంటుంది. ఇటుక కంకర ఎండ వేడిని కిందికి దిగనివ్వదు. అందుకే ఆ పాత కచేరీలలో ఏప్రిల్ నెలలో కూడా పంకా కింద కూర్చుని పని చేయగలిగేవాళ్ళం. లోపం కూడా లేకపోలేదు. గోడలో దూర్చిన దూలం చివర చెమ్మకు పుచ్చితే పైన ఎంత సున్నం ఉన్నా ప్రయోజనం లేదు.

సిమెంటు, ఇనుము చవకై, మంచి టేకు ప్రియమయ్యే కొద్దీ కాంక్రీటు శ్లాబు వచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమ తుపానులో గుడిసెలు, పూరిళ్ళు ఎలా కొట్టుకుపోయాయో చూసిన తర్వాత, శ్లాబు ఉన్న ఇల్లు ఉంటే చాలు ప్రాణం దక్కుతుందన్న నమ్మకం కోస్తా అంతటా పాతుకుపోయింది. అది సరైన నమ్మకమే. కానీ దానితోపాటు శ్లాబు పోస్తే ఇక పైన ఏమీ అక్కరలేదనే మరో నమ్మకం కూడా వచ్చింది. అది సరైనది కాదు.

మొదట్లో ప్రభుత్వ భవనాల శ్లాబు మీద కూడా పాత సున్నం కాంక్రీటునే ‘వెదరింగ్ కోర్సు’ పేరుతో వేసేవారు. వారం రోజులు కొట్టే కూలీలు దొరకడం కష్టమయ్యాక ఆ పని క్రమంగా తగ్గింది. దాని స్థానంలో ఇటుక ముక్కలు పరచి సిమెంటుతో నింపే కోబా పని, తారు ఫెల్టు, ఆ తర్వాత టార్చితో వేడిచేసి అతికించే మూడు నాలుగు మిల్లీమీటర్ల తారు పొరలు, ఇప్పుడు బ్రష్షుతో పూసే రబ్బరు వంటి పూతలు వచ్చాయి. తారు కొత్తది కాదు. సింధు నాగరికత కాలంలో మొహెంజొదారో మహా స్నానఘట్టానికి సహజమైన తారు పూశారు. కానీ నేల లోపల చల్లగా ఉండే తారు వేరు, మన మే నెల ఎండలో కాగే తారు వేరు. ఎండకు అందులోని నూనె గుణం పోయి పెళుసుబారి, పగులుతుంది. అందుకే దానిపై పెంకో, తెల్లని పూతో ఉండాలంటారు.

ఇక్కడ నేను కళ్ళారా చూసిన ఒక సంగతి చెప్పాలి. 1980 దశకంలో ఒక కార్యాలయం రికార్డు గది మీద కొత్తగా పనిచేయించారు. పైపొర నిక్షేపంగా ఉంది. కానీ వేపాకులు రాలి రెండు గొట్టాల నోళ్ళూ మూసుకుపోయాయి. ఒక్క రాత్రి వానకు పిట్టగోడ లోపల చెరువు నిలిచి, గోడకూ శ్లాబుకూ మధ్య సందులోంచి నీరు దిగింది. బీరువాలలోని సర్వీసు రిజిస్టర్లు తడిసి ముద్దయ్యాయి. మర్నాడు వరండాలో పుటలు విడదీసి ఆరబెట్టాము. అందులో ఆ ఏడే రిటైరు కావలసిన ఒక అటెండరుది కూడా ఉంది. సిరా కరిగి పాత వెరిఫికేషన్ ఎంట్రీలు కనిపించలేదు. పాత అక్విటెన్సు రోళ్ళు వెతికి సర్వీసు రుజువు చేసేసరికి నెలలు గడిచాయి. అన్నాళ్ళూ ఆ కుటుంబం పెన్షను కోసం ఎదురుచూసింది. పోయింది గంపెడు ఆకులు తీసే అరగంట పని. దాని ఖరీదు మాత్రం పెన్షనర్లమైన మనకే బాగా తెలుస్తుంది.

వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క అంగుళం వాన పడితే దాదాపు 2,360 లీటర్ల నీరు. ఆ నీటికి పోయే దారి లేకపోతే ఏ కంపెనీ పూతా ఆపలేదు. మట్టి మిద్దె అయినా, మద్రాసు టెర్రేసు అయినా నిలిచింది మూడింటి వల్ల: వాలు, నీటి దారి, ఏటేటా ఒక మనిషి చెయ్యి. చరిత్ర మనకు చెప్పేది ఇదే.

కాబట్టి గ్రాట్యుటీ సొమ్మో, పిల్లలు పంపిన సొమ్మో పైకప్పు మీద పెట్టే ముందు కొన్ని విషయాలు చూసుకోవాలని మనవి.

మొదట కింది నుంచి చూడాలి. 1978 నాటి కాంక్రీటు నియమావళి ప్రకారం శ్లాబు కడ్డీ కింద కాంక్రీటు కనీసం 15 మిల్లీమీటర్లు ఉంటే సరిపోయేది. 2000లో సవరించినప్పుడు దాన్ని పెంచారు, సముద్ర తీరానికైతే చాలా ఎక్కువ చెప్పారు. మన ఇళ్ళలో చాలావరకు పాత లెక్కవే. కడ్డీ తుప్పుపడితే ఉబ్బి పెచ్చులు ఊడదీస్తుంది. పెచ్చులు ఊడుతుంటే ముందు ఆ మరమ్మతు జరగాలి. పైన ఎంత ఖరీదైన పొర వేసినా తుప్పు ఆగదు.

రెండవది, వాన వెలిసిన మర్నాడు నీళ్ళు నిలిచిన చోట్ల చుట్టూ సుద్దతో గీతలు గీయించండి. మేస్త్రి చెప్పేదాని కంటే ఆ గీతలు ఎక్కువ చెబుతాయి. పది అడుగులకు రెండంగుళాల వాలు మంచిది. వాలు చాలినంత ఉండి శ్లాబు గట్టిగా ఉంటే తేలికైన పూత చాలు. కొన్నేళ్ళకొకసారి మళ్ళీ పూయాలి. వాలు లేకపోతే ఇటుక ముక్కల పని చేయించి వాలు తేవాలి. కానీ నాలుగంగుళాల అటువంటి పొర వెయ్యి చదరపు అడుగులకు 17, 18 టన్నుల బరువు. పాత శ్లాబు దాన్ని మోయగలదా అన్నది ఇంజనీరు చూసి చెప్పాలి. పాతది తీయకుండా దాని మీదే మరొకటి వేయించడం ప్రమాదం.

మూడవది, డాబాను మనమెలా వాడతామో చెప్పాలి. వడియాలు పెట్టుకునే, మనవలు ఆడుకునే డాబాకు పైన పెంకు పరుపు కావాలి. ఉత్త తారు పొర మీద తిరిగితే చిరుగుతుంది. పైన తెలుపు రంగు ఉంటే గదిలో వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది కూడా ఇందుకే. ఖర్చు పెట్టలేనివారికి సున్నం వెల్ల కూడా కొంత మేలే చేస్తుంది.

చివరిది లెక్కల మనిషిగా చెబుతున్నాను. పని పూర్తయ్యాక గొట్టాలు మూసి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి, కింద చెమ్మ రాలేదని చూసుకున్నాకే మిగతా సొమ్ము ఇవ్వండి. ప్రభుత్వ పనులలో కాంట్రాక్టరు సొమ్ము కొంత అట్టేపెట్టి గడువు తీరాకే విడుదల చేసే పద్ధతి మనకు తెలిసిందే. ఇంటి పనికి ఆ నియమం ఎందుకు వర్తించకూడదు? గ్యారంటీ కాగితం మీద తేదీ, సంతకం, ఏ పని చేశారో వివరం ఉండేలా చూసుకోండి.

ఏటా రోహిణి కార్తె వెళ్ళేలోగా గొట్టాల నోళ్ళు శుభ్రం చేయించండి. ఈ వయసులో మనం నిచ్చెన ఎక్కవద్దు. కుర్రవాడిని ఎవరినైనా పంపి, కింద నిలబడి, గొట్టంలోంచి నీళ్ళు ధారగా వచ్చేదాకా పోయించండి.